మగ్గం గుంతలో తాత కాలు

మా బజారు చివర కొత్తగా పెట్టిన ఫిజియోథెరపీ గదిలో నడుమెత్తున రెండు ఇనుప కడ్డీలున్నాయి. వాటి మధ్య నిలబడి, రెండింటినీ పట్టుకొని ఈ చివరి నుంచి ఆ చివరికి నడవడమే ఈ మధ్య నా ఉదయపు పని. షుగరుతో పాదాల నరాలు మొద్దుబారి, కాలి కింద ఉన్నది బండో దూదో తెలియకుండా పోయాక మా కోడలు నన్ను అక్కడికి తీసుకుపోయింది. అంతకుముందు చాలాకాలం ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నాను. వ్యాయామం నేర్పే అమ్మాయి మీద మొదట్లో ఊరికే కసురుకునేవాణ్ని కూడా. ఆమె మాత్రం నొచ్చుకోకుండా, "కిందికి సూడకు తాతా, ముందటికి సూడు" అంటుంది. ఆ గది నిండా నొప్పుల తైలం వాసనే. కడ్డీల మధ్య నిలబడితే నాకు మాత్రం పులిసిన గంజి వాసన వస్తుంది.

నైజాం పాలన ఇంకా ఉన్న ఆ రోజుల్లో సిద్దిపేటలో మా బజారంతా సాలోళ్ల ఇళ్లే. తెల్లారుతూనే బజారు పొడవునా పడుగు పరిచేవాళ్లు. ఇంటి ముందు నుంచి మొదలై మలుపు దాకా, కత్తెరలా కట్టిన వెదురు కర్రల మీద, నడుమెత్తున, తెల్లగా సాగిన వందల నూలుపోగులు. గంజిలో ముంచిన కుంచెలు పట్టుకొని మగవాళ్లు అటొకరు ఇటొకరు పడుగు వెంబడి నడుస్తూ దువ్వేవాళ్లు. మధ్యలో ఆగడానికి లేదు. ఆగితే గంజి ఎండి పోగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అప్పుడు ఎడ్లబండ్లు కూడా పక్క సందులోంచి పోయేవి. పడుగు కింద దూరి పాకే హక్కు మా పిల్లలకు మాత్రమే ఉండేది. నెత్తి మీద చల్లటి గంజి చుక్కలు పడుతుంటే, అంత పొడవు తెల్లటి కప్పు కింద మేమే రాజులమనిపించేది. పొద్దెక్కాక మగ్గాల చప్పుడు మొదలై, ఇంటింటి గోడలోంచి ఇంకో ఇంటి గోడలోకి పాకుతూ పోయేది.

మా తాత మగ్గం ముందరి అర్రలో గుంత మగ్గం. నేల మీద కూచుని కాళ్లు గుంతలోకి వదిలి, కింది తొక్కుడు చెక్కలను పాదాలతో నొక్కుతూ నేసేవాడు. ఎండాకాలం ఆ గుంతలోంచి తడిమట్టి చల్లదనం వచ్చేది. ఏటా కొమురవెల్లి మల్లన్న జాతరకు దేవుడికి ఒక వస్త్రం మా ఇంటి నుంచి పోవాలి, దాన్ని ఇంటి పెద్ద తన చేత్తోనే నేయాలి. పెద్ద నేయలేని ఏట కొడుకు నేస్తాడు. ఒకసారి కొడుకు నేస్తే, పెద్ద ఇక మళ్లీ మగ్గం ఎక్కకూడదు. మా వంశంలో అదొక కట్టుబాటు.

మిరుగు కార్తెలో, తొలి వానలు పడ్డ వారానికే, తాతకు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. నోరు కొంచెం వంకర పోయింది కాని మాట నిలిచింది. ఆయనను మేము చూసుకున్నంత ప్రేమగా ఆ బజారులో ఎవరూ ఎవరినీ చూసుకొని ఉండరు. ఇంట్లో చల్లటి చోటు అదేనని, ఆయనకు ఇష్టమైన చోటు కూడా అదేనని, మగ్గం గుంత మీద చెక్కలు పరిచి వాటి మీదే ఆయన మంచం వేశాం. అమ్మ అన్నం కలిపి నోట్లో పెట్టేది. మా నాన్న, బాపు, ఎత్తి కూచోబెట్టేవాడు. నేను నీళ్లచెంబు పెదాలకు ఆనించేవాణ్ని. నిజం చెప్పాలంటే తాత అలా ఉండడం నాకు బాగానే ఉండేది. ఇదివరకు మగ్గం దిగితేనే గాని కథ చెప్పని మనిషి ఇప్పుడు ఎప్పుడడిగితే అప్పుడు చెప్పేవాడు. శ్రావణమంతా కాల్చిన మక్కకంకుల గింజలు వలిచి ఆయన నోట్లో వేస్తూ కథలు విన్నాను. ఆయన ఎడమ చెయ్యి సన్నబడుతున్నది, వేళ్లు ముడుచుకుపోతున్నాయి. దాన్ని ఎవరమూ గమనించలేదు.

దసరా వెళ్లాక చెక్కల కింద ఎలుక చచ్చి అర్రంతా కంపు కొట్టింది. నాయనమ్మ మంచం జరిపించి, చెక్కలు తీయించి, తాతను గుంత అంచున గోడకు ఆనించి కూచోబెట్టింది. కాళ్లు గుంతలో వేలాడుతున్నాయి. ఆమె లోపలికి వంగి వెతుకుతుండగా కింద కిర్రుమని చప్పుడైంది.

"ఇన్నవా?" అన్నాడు తాత.

"ఎలుక ఇంక సావనట్టున్నది" అన్నది నాయనమ్మ.

"ఎలుక గాదే. నా కాలు."

తొక్కుడు చెక్క మీద ఆయన ఎడమ పాదం ఉన్నది. నాయనమ్మ మళ్లీ నొక్కమన్నది. చాలాసేపటికి, నుదుటి మీద చెమట పట్టాక, చెక్క మళ్లీ కిర్రుమన్నది. నాయనమ్మ అక్కడే గుంత అంచున కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

చెక్కలు మళ్లీ పరచనివ్వలేదామె. బాపు భయపడ్డాడు. "పడుతడే అవ్వా, ఇంకింత దెబ్బ తాకుతది."

"పడితె లేపుకుందం. గిట్ల పండవెట్టి ఏం జేసుకుందం?"

ఆ రోజు నుంచి మా ఇంట్లో దయాదాక్షిణ్యాలు తగ్గిపోయాయి. నాయనమ్మ జొన్నరొట్టె ఎడమ పక్కన పెట్టేది, చెంబు ఎడమ పక్కనే. కుడిచెయ్యి చాచబోతే గిన్నె జరిపేది. "ఎడమ చెయ్యి ఏ ఊరికి పోయింది? చెప్పి పోలేదా?" అని ఎత్తిపొడిచేది. తాత తిట్టేవాడు. తిడుతూనే మెల్లగా ఆ చేతిని రొట్టె దాకా ఈడ్చేవాడు. మా అమ్మ వంటింట్లో కళ్లు తుడుచుకునేది. నాయనమ్మ మనసు రాయి అయిందని బజారులో అనుకున్నారు.

నూలుకు రంగులద్దే ఖాసీం చాచా తాతకు చిన్ననాటి దోస్తు. తెల్లారగానే వచ్చి, తాత నడుముకు ధోవతి చుట్టి, దాని కొసను గట్టిగా పట్టుకొని పడుగు దగ్గరికి తెచ్చేవాడు. కుంచెను తాత ఎడమ చేతికి గుడ్డపీలికతో కట్టేవారు. "నడు భాయ్, గంజి ఎండితే నీ కొడుకు నన్ను తిడ్తడు" అనేవాడు చాచా. మధ్యలో ఆగకూడదన్న ఆ పని కట్టుబాటే తాతను ముందుకు తోసింది. ఒకరోజు సగం దారిలో కాలు మొరాయించింది. ఆయన నిలబడిపోయాడు, ఎండ వచ్చేసింది, అంతమేర పోగులన్నీ అతుక్కుపోయాయి. బాపు మధ్యాహ్నం దాకా కూచుని ఒక్కొక్క పోగూ విడదీశాడు. తాత అర్రలో గోడవైపు తిరిగి ఏడ్చాడు. ఇక ఈయన పని అయిపోయింది, ఈ ఏడు వస్త్రం బాపుదే అని ఖాసీం చాచా కూడా అనుకున్నాడట. మర్నాడు చాచా వచ్చేసరికి తాత గోడ పట్టుకొని గడప దాటి నిలబడి ఉన్నాడు. "ఆలస్యం జేసినవేందిరా?" అన్నాడు.

పుష్యమాసంలో సకినాలు చుట్టే రోజు నాయనమ్మ ఆయనను ఆడవాళ్ల మధ్య కూచోబెట్టి, నువ్వులు, వాము కలిపిన బియ్యప్పిండి ఎడమ చేతిలో పెట్టింది. తడిగుడ్డ మీద పిండిని వేళ్ల మధ్య తిప్పుతూ సన్నని చుట్లు చుట్టాలి. మగవాడు సకినాలు చుట్టడం ఎవరూ చూడలేదు. "గివి సకినాలా మామా, నత్తగుల్లలా?" అని పక్కింటామె నవ్వింది. "తినెటోనికి లేని బాధ నీకేంది?" అన్నాడు తాత. తినేవాణ్ని నేనే. వంకరటింకరగా, కొన్నిచోట్ల లావుగా, లోపల సగం పచ్చిగా ఉండేవి. అంత రుచి మళ్లీ ఎరగను.

మాఘం చివర్లో బాపు వస్త్రానికి పడుగు ఎక్కించి, తాత వైపు చూడకుండానే, "ఎవలు నేస్తరే?" అని నాయనమ్మను అడిగాడు. తాత నేల మీద జరుగుతూ వచ్చి గుంతలోకి కాళ్లు వదిలాడు. కాళ్లు పనిచేశాయి. కుడిచెయ్యి అడ్డపోగును లాక్కుపోయే నాడెను పోగుల మధ్యకు విసిరింది. అటువైపు ఎడమ చెయ్యి దాన్ని అందుకోవాలి. అందలేదు, నాడె నేల మీద పడింది. బాపు తీసిచ్చాడు. మళ్లీ పడింది. ఆ పూటంతా విసరడం, పడడం. చుట్టుపక్కల మగ్గాలు ఒక్కొక్కటే ఆగి, జనం గుమ్మం ముందు చేరారు. చివరకు నాడె వచ్చి ఆయన ఎడమ అరచేతిలో ఆగింది. వేళ్లు మెల్లగా దాని మీద ముడుచుకున్నాయి. తాత దాన్ని అలాగే పట్టుకొని, ఎవరి వంకా చూడకుండా, తిరిగి కుడిచేతికి పంపాడు. బాపు బయటికి పోయి అరుగు మీద కూచున్నాడు. కండువాలో మొహం దాచుకున్నాడు. ఖాసీం చాచా, "మీ మగ్గాలు మీరు నేసుకోన్రి, గీడేమన్న తమాషానా?" అని అందరినీ తరిమాడు, తాను మాత్రం కదలకుండా.

వస్త్రం ఎడమ అంచు పొడవునా వంకరే. చెయ్యి అలిసిన చోట లోపలికి, బలం వచ్చిన చోట బయటికి. కొమురవెల్లిలో బండి దిగి, ఒగ్గు డోళ్ల మధ్య, బోనాల మధ్య, పసుపు బండారి కాళ్లకు అంటుకుంటుండగా తాత నడిచాడు. చాచా ధోవతి కొస పట్టుకోబోతే విదిలించాడు. పూజారి వస్త్రం మడత విప్పి, ఆ అంచు చూసి, దాన్ని లోపలికి మడవబోయాడు.

"అయ్యా, గా అంచే మీదికి కనవడాలె" అన్నాడు తాత.

ఆయన వేళ్లు చివరిదాకా పూర్తిగా విచ్చుకోలేదు. నడకలో ఈడ్పు పోలేదు. అయినా చాలా జాతరలకు ఆయన నేసిన వస్త్రమే పోయింది. బలహీనమైన అవయవానికే పని చెప్పాలి, నిజమైన పని చెప్పాలి, మళ్లీ మళ్లీ చేయించాలి అని వ్యాయామం నేర్పే అమ్మాయి ఇప్పుడు నాకు ఓపికగా వివరిస్తుంటే, నేనేదో తెలియనివాడిలా తల ఊపుతాను.

ఇప్పుడు మా బజారులో పడుగు పరిచే ఇల్లు ఒక్కటీ లేదు. సిమెంటు రోడ్డు మీద మోటార్ సైకిళ్లు. గంజి వాసన ఎట్లా ఉంటుందో మా మనవలకు మాటల్లో చెప్పలేను. ముందరి అర్రలో బండలు వేయించినప్పుడు ఆ మగ్గం గుంతను పూడ్పించినవాణ్ని నేనే. అడ్డంగా ఉందని అన్నాను, ఒక్క పూట కూడా ఆలోచించలేదు. అక్కడిప్పుడు మెత్తటి సోఫా ఉంది. అందులో కూరుకుపోతే లేవడం కష్టం. నిన్న లేవబోతుంటే కోడలు పరుగున వచ్చి చెయ్యి అందించింది.

"ఉండు బిడ్డా" అన్నాను.

చాలాసేపు పట్టింది. ఆమె చెయ్యి అట్లాగే గాలిలో ఉండగా నేను లేచి నిలబడ్డాను.