మా ల్యాబుకు రెండో లేజర్

2004వ సంవత్సరం. తిరుపతిలో ఒక ఆసుపత్రి ల్యాబులో నేను అటెండర్‌ని. చదివింది నాలుగో తరగతి. ఇలా కూర్చుని రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మా ల్యాబులో ఫ్లో సైటోమీటర్ అనే మిషన్ ఉండేది. చెప్పులు బయట విడిచి ఆ గదిలోకి వెళ్లేవాళ్లం. ఆయుధపూజ రోజు దానికీ బొట్టు పెట్టేవాళ్లం. కొండమీద దర్శనం క్యూలో మనుషుల్లాగా రక్తంలోని కణాలు దాంట్లో ఒక్కొక్కటే కదిలేవి. వాటిమీద లేజర్ కాంతి పడితే, ముందే పట్టించిన రంగులు మెరిసేవి. ఆ మెరుపును బట్టి ఏ రకం బ్లడ్ క్యాన్సరో మా ల్యాబు డాక్టరు మేడమ్ చెప్పేవారు. మాకున్నది ఒక్క నీలం లేజరే. దాంతో ఒక ట్యూబులో మూడు రంగులే చూడగలం. అందుకని ఒకే శాంపిల్‌ను చాలా ట్యూబుల్లోకి పంచాల్సి వచ్చేది.

ఆ ఏడు ఇంకో లేజర్ పెట్టించుకోవడానికి అనుమతి వచ్చింది. ఒక్కటంటే ఒక్కటే. మద్రాసు నుంచి వచ్చిన కంపెనీ మనిషి వయొలెట్ రంగు లేజర్ తీసుకోమన్నాడు. మా పెద్ద సారుకూ అదే నచ్చింది.

"ఈ సుట్టుపక్కల యాడా లేదమ్మా. మొదట మనకే వస్తాది," అన్నారు సారు.

"దానికి పట్టే రంగులు తెప్పించేదానికే నెలలు పడతాయి సార్. ఎర్ర లేజర్ అయితే నాలుగో రంగు వెంటనే సూడొచ్చు. ట్యూబులు తగ్గుతాయి," అన్నారు మేడమ్.

"నాలుగు ట్యూబులు మిగిలించేదానికా ఇంత మిషను?" అని సారు నవ్వేశారు.

ఆ వారమే పూతలపట్టు దగ్గరి పల్లె నుంచి కుమారి అనే ఏడేళ్ల పిల్లను తీసుకొచ్చారు. నడుము ఎముకలోంచి మూలుగ తీయాలి. దాన్నే బోన్‌మ్యారో టెస్ట్ అంటారు. పిల్ల కదలకుండా కాళ్లు పట్టుకోవడం నా పని. మత్తుసూది వేసినా ఏడుపు ఆగదు. వచ్చిన మూలుగ కొంచెమే. ట్యూబుల్లోకి పంచుతూ పోతే చివరివాటికి చాలలేదు. క్యాన్సర్ ఏ రకమో తేలలేదు. అది తేలితేగాని సరైన మందు మొదలుపెట్టలేరు.

మరుసటి రోజు పిల్లను మళ్లీ పడుకోబెట్టాం. సారు కూడా వచ్చి నిలబడ్డారు. పిల్ల నాయన గోడవైపు తిరిగిపోయాడు.

కుమారి తల తిప్పి సారును చూసింది. "నిన్న తీసినారు గదా సార్, దాన్ని యాడ పోగొట్టినారు?"

"పోగొట్టలేదు పాపా. సాల్లేదు."

"అట్లయితే నిన్ననే రోంత ఎక్కువ తీసుకోవాల గదా? ఊరికే ఊరికే పొడస్తారా?"

 పిల్ల ఏడుపు ఆగేదాకా సారు అక్కడి నుంచి కదల్లేదు. సాయంత్రం మేడమ్ టేబుల్ దగ్గరికొచ్చి, "ఆర్డరులో ఎర్రదే రాయమ్మా," అనేసి వెళ్లిపోయారు.

ఎర్ర లేజర్ వచ్చింది. రెండోసారి తీసిన మూలుగతో రకం తేలి, మందులు పనిచేసి కుమారి తేరుకుంది. మళ్లీ పరీక్షకు వచ్చేసరికి తలమీద గరికలాగా జుట్టు మొలిచింది. ఈసారీ మూలుగ కొంచెమే వచ్చింది. మేడమ్ లోపలి నుంచి వచ్చి, అన్ని ట్యూబులకూ సరిపోయిందని చెప్పి వెళ్లారు. నేనింకా కాళ్లు పట్టుకునే ఉన్నాను.

"ఇంగ ఇడువు మామా, అయిపోయిందంట," అంది కుమారి.

ఏ లేజర్ గొప్పదో నాకు ఇప్పటికీ తెలియదు. ఏది కొన్నా ఎవరి నొప్పి తగ్గించేదానికో ముందు అడగాలని మాత్రం ఆ రోజు తెలిసింది. చేతులు తీసేశాను.