బయటి గడియ

కొట్లాట కేసులో మూడేండ్లు జైల్లో ఉండి శాంతయ్య ఆళ్లగడ్డకొచ్చి ఏడాదైంది. ఇప్పటికీ సాయంత్రం అయిదింటికే తినేసి, పళ్లెం కడిగి బోర్లించి, చాప మీద గొంతుక్కూర్చుంటాడు. బయటనుంచి గడియ పడితేగానీ కన్ను మూతపడదు. పక్కింటి రెబెకమ్మే పెట్టి, తెల్లారి తీస్తుంది.

మొన్న నంద్యాల వకీలు పిలిపించి అప్పీలు తీర్పు చేతిలో పెట్టాడు. ఆ కొట్లాట కేసుకు చట్టంలో ఏడాదికి మించి శిక్షే లేదట; కింది కోర్టు వేసిన మూడేండ్లు చెల్లవట.

"ఏడాదే అయితే నేనెప్పుడు రావల్సింది సార్?" అన్నాడు శాంతయ్య.

"మూడేండ్ల కిందటి ఈస్టర్‌కే ఇంట్లో ఉంటాంటివప్పా."

"అప్పటికి నా పెండ్లాం బతికే ఉండె సార్."

ఆ సాయంత్రం సంగతి విని రెబెకమ్మ గడియ మీద చెయ్యేసి అట్లే నిలబడిపోయింది. "మరి ఇంక పెట్టాల్నా అన్నా?"

శాంతయ్య గోడవారకు జరిగి కూర్చున్నాడు. "పెట్టమ్మా."