ఎక్కేవాళ్లకే టికెట్టు

మా ఊరి రైలు వేళలు ఎవరికీ అక్కరకు వచ్చేవి కావు. అందువల్లనే నేను చదువరినయ్యాను. పొద్దున ధర్మవరం వెళ్లే ప్యాసింజరు ఒకటి, సాయంత్రం తిరిగొచ్చేది ఒకటి. మధ్యలో ఇంకేమీ లేదు. నేను పట్టుచీరల కొంగులకు కుచ్చులు కట్టేదాన్ని. కట్టినవి కొట్లో అప్పజెప్పి, కొత్త చీరలు తీసుకునేసరికి ఎండ ఇంకా నడినెత్తికి కూడా వచ్చేది కాదు. సాయంత్రం బండిదాకా ఎక్కడ కూర్చోవాలి? స్టేషన్లో ఒంటరిగా కూర్చున్న ఆడపిల్లను చూసే చూపులు బాగుండవు. ధర్మవరం లైబ్రరీలో ఫ్యాను ఉంది, కుండలో చల్లని నీళ్లున్నాయి, ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని అక్కడ మళ్లీ మొదలుపెట్టాను. ముందు బొమ్మల వారపత్రికలు, తర్వాత కథలు, ఆ తర్వాత దేశదేశాల భూగోళం. తెలియని మాట కనిపిస్తే నిఘంటువు తెరిచేదాన్ని. నిఘంటువు ఎట్లా చూడాలో కూడా ఎవరూ నేర్పలేదు, నాకు నేనే కనిపెట్టాను. ఈ మాట ఎప్పుడు చెప్పినా కొంచెం గొంతు పెంచే చెబుతాను.

ఇది తొంభైల చివరి సంగతి. అప్పటికి మాది ఇంకా మీటరుగేజి. మా హాల్టు అంటే ఒక రేకుల గూడు, ఒక పేరు బోర్డు, నేలకు సమానంగా పరిచిన కంకర. చుట్టూ వేరుశనగ చేలు. టికెట్లు అమ్మేది నాకు వరసకు మామ అయ్యే ఒకాయన. ఆయన రైల్వే ఉద్యోగి కాదు, అమ్మిన టికెట్ల మీద కమీషను తీసుకునే ఏజెంటు. పట్టాల పక్కనే ఆయన చేను. బండి కూత వినబడేదాకా అందులోనే ఉండేవాడు. కూత విని, గుంటక వదిలి, టికెట్ల సంచి పట్టుకుని ఆయన పరుగెత్తుకొస్తుంటే మావాళ్లు దూరం నుంచే చేతులు ఊపేవాళ్లు.

“వద్దులేప్పా! పని సూసుకో! ఒక్క టికెట్టుకు యాడ పరిగెత్తుకొస్తావు?”

అది మా ఊరి మర్యాద. సేద్యం చేసుకుంటున్న మనిషిని టికెట్టు కోసం కదిలించడం బాగుండదు. ఆయనకూ అయినవాళ్ల దగ్గర దుడ్లు తీసుకోవాలంటే మొహమాటం. నవ్వి, మళ్లీ గుంటక పట్టేవాడు. మేము బండి ఎక్కేవాళ్లం. తిరిగొచ్చేటప్పుడు మాత్రం ధర్మవరంలో వరుసలో నిలబడి టికెట్టు కొనేవాళ్లం. అక్కడ కిటికీ వెనక కూర్చున్నది మనవాడు కాదు గదా.

ఒకరోజు లైబ్రరీలో పేపరు చదువుతుంటే లోపలి పేజీలో చిన్న వార్త కనబడింది. టికెట్లు అమ్ముడుపోని హాల్టులను ఎత్తేసే ఆలోచన ఉందట. చదివిందే మళ్లీ చదివాను. మా ఊరికి బస్సు లేదు. బస్సు రోడ్డుకు పోవాలంటే వాగూ వంకా దాటి, గుట్ట చుట్టి నడవాలి. పట్టుచీరల మూట నెత్తిన పెట్టుకుని ఆ దారిలో ఒంటరిగా పోవడం కుదిరే పని కాదు. హాల్టు పోతే నా పని పోతుంది, నా లైబ్రరీ పోతుంది. ఇంటికొచ్చి చెబితే నాయన కొట్టిపారేశాడు.

“పేపరోళ్లకు పని ల్యాక రాసింటారు. రైలు మనూరి మీద పోతాండాది. నిలబడక యాడికి పోతాది?”

కొద్దిరోజులకు మామ స్వయంగా కబురు తెచ్చాడు. హాల్టును చూడటానికి పెద్ద ఆఫీసరు వస్తున్నాడట. ఊళ్లో ఏ పంచాయితీ అయినా నడిపించే పెద్ద రైతు ఒకాయన ఉండేవాడు, పార్టీలో తిరిగే మనిషి. ఆయన వెంటనే తేల్చేశాడు: “జనం లేరంటాండారు గదా? సూపిద్దాం పాండి.”

ఆరోజు ఊళ్లో ఎవరూ చేలకు పోలేదు. తప్పెట్లు వచ్చాయి, కనకాంబరాల దండలు వచ్చాయి, బడిపిల్లలూ వచ్చారు. బండి దిగిన ఆఫీసరు మెడ నిండా దండలతో ఆ జనాన్ని చూసి ఆశ్చర్యపోయాడు.

“ఇంతమంది ఎక్కుతారా ఇక్కడ?”

“ల్యా సార్! మేమంతా మిమ్మల్ని సూడనీకి వచ్చినాము. ఈ పొద్దు బండెక్కేది అదో, ఆ అవ్వ ఒకటే,” అన్నాడు పెద్ద రైతు, ఉత్సాహంగా.

ఆఫీసరు అవ్వ దగ్గరికి వెళ్లాడు. “టికెట్టు ఏదవ్వా?”

“నాకెందుకు సామీ టికెట్టు? అమ్మేది మావోడే గదా!”

తప్పెట్లు ఆగిపోయాయి. మామ తల వంచుకుని కాలి బొటనవేలితో కంకర కెలుకుతున్నాడు. ఇప్పుడు ఎవరూ మాట్లాడకపోతే హాల్టు కథ అంతటితో ముగుస్తుందని నాకు తెలిసిపోయింది. ముందుకొచ్చి, మా మర్యాద సంగతి మొదటినుంచీ చెప్పాను. జనం లేక కాదు, మొహమాటం వల్ల టికెట్లు అమ్ముడుపోలేదని చెప్పాను. ఆఫీసరు నవ్వలేదు, కోప్పడలేదు.

“మర్యాద మంచిదేనమ్మా. కానీ కాగితం మీద మర్యాద కనబడదు. ఇంత పలుచగా ఊళ్లున్న చోట రైలెందుకు, బస్సు చాలదా అని పైవాళ్లు అడుగుతారు. ఏం చెప్పమంటావు?”

ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. మాకంటే ఎడంగా మనుషులు బతికే దేశాల గురించి చదివాను. పట్టాల పక్కన ఒక్క మనిషి నిలబడి చేయెత్తితే రైలు ఆగే చోట్లున్నాయని చదివాను. అయితే చెప్పింది మాత్రం పుస్తకంలో మాట కాదు, పుస్తకాలు చదవడం అలవాటయ్యాక నా అంతట నేను ఆలోచించుకున్నది.

“బస్సెయ్యాలంటే ఒక ఊరు దాన్ని నింపాల సార్. రైలుకు అట్ల గాదు. ఈడ గుప్పెడు మంది, ముందర హాల్టులో గుప్పెడు మంది. ధర్మవరం చేరేసరికి పెట్టెలో నిలబడేకి చోటుండదు. మా గుప్పెడు తీసేస్తే పెట్టె ఆ మేరకు ఖాళీగా పోతాది. అప్పుడు ఇంకో హాల్టు తీసేస్తారు. అట్ల తీసుకుంటా పోతే ఆఖరికి బండే ఉండదు.”

ఆయన మెడలోని దండలు ఒక్కొక్కటే తీశాడు. “ఎక్కడ విన్నావమ్మా ఇదంతా?”

“వినలేదు సార్. లైబ్రరీలో చదువుకుంటా, ఆలోచన చేస్తా ఉంటాను.”

“సరే. శనక్కాయ పీకడం అయ్యేదాకా చూస్తాను. ఈసారి నాకు దండలు వద్దు, టికెట్లు కావాలి.”

ఆఫీసరు ఎక్కి బండి వెళ్లగానే పెద్ద రైతు తొడ చరిచాడు. “ఇంతేనా? దినామూ ఒక కట్ట టికెట్లు నేను కొంటా. ఎక్కేవాడు ఎక్కనీ, ల్యాకుంటే పొయ్యిలో ఏసుకోనీ!”

అందరూ ఈలలు వేశారు. నాకు మాత్రం మనసొప్పలేదు.

“వద్దన్నా. నువ్వు కొన్నన్ని దినాలు నిలుస్తాది. నువ్వు మానుకున్నప్పుడు పోతాది. అప్పుడది మా హాల్టు ఎట్లయితాది? నీ హాల్టు అయితాది.”

నాయన నా చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. “పెద్దోళ్లు మాట్లాడతాంటే నోరు మూసుకోమే!”

“నువ్వు మూసుకోప్పా ముందు,” అంది మా నాయనతో, టికెట్టు లేక ఆరోజు బండెక్కకుండా ఆగిపోయిన అవ్వ. “పిల్ల సక్కంగా చెప్తాండాది. నా టికెట్టు నేనే కొనుక్కుంటా. ఒకరు కొనిచ్చిన టికెట్టుతో నేను సావుకైనా పోను.”

ఆ మాటకు పెద్ద రైతే ముందు నవ్వాడు. ఆరోజు ఒక కట్టుబాటు చేసుకున్నాం. బండెక్కే ప్రతి మనిషీ టికెట్టు కొనాలి. ఎక్కని మనిషి ఒక్కటీ కొనకూడదు.

కట్టుబాటు చేసుకోవడం తేలికే. మామను గూట్లో కూర్చోబెట్టడమే కష్టమైంది. కూత వినబడక ముందే వచ్చి కూర్చోవాలంటే చేలో పని ఆగుతుంది. కూర్చున్నా చెయ్యి చాచలేడు. మొదటిరోజు వరుసలో ముందు నిలబడింది నేనే.

“మామా, ధర్మవరానికి ఒక టికెట్టు.”

“పోమ్మే. సిగ్గుగా ఉండాది.”

“నువ్వియ్యకుంటే నేను ఎక్కను. చీరలు ఈడనే ఉంటాయి. కొట్లో సేటుకు నువ్వే జవాబు చెప్పుకో.”

అట్టముక్క టికెట్టు నా వైపు తోసి, ముఖం పక్కకు తిప్పుకుని దుడ్లు తీసుకున్నాడు. నా వెనక పూలమ్మే ఆమె, ఆమె వెనక ఆసుపత్రికి పోయే ముసలాయన. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. చేలో పని లేని మగవాళ్లు బెంగళూరు కూలికి కదిలారు. వాళ్లూ ఇక్కడే టికెట్టు తీసుకుని ధర్మవరంలో బండి మారేవాళ్లు. అయినా మా వరుస ఎప్పుడూ చిన్నదే. పెద్ద రైతు దాన్ని చూసి, “నా మాట విన్యాంటే ఈపాటికి కట్టలు కట్టలు అమ్ముడుపోయేవి గదా పాపా” అనేవాడు. నాకూ భయంగానే ఉండేది. నిజం టికెట్లు సరిపోకపోతే ఊరంతా నన్నే అంటుంది.

శనక్కాయ పీకే రోజుల్లో ఒక పొద్దున బండి వచ్చి ఆగింది. అందరం ఎక్కాం. గార్డు పచ్చజెండా ఎత్తబోతుండగా మామ బావమరిది చేనుకు అడ్డంపడి ఉరికొచ్చి, మా పెట్టె మెట్టు మీద కాలు పెట్టాడు.

“బావా, సాయంత్రం ఇస్తాలే!”

మామ గూట్లోంచి దూకినట్టే వచ్చి అతని చొక్కా పట్టుకున్నాడు. “దిగు. టికెట్టు.”

“సొంత బావమరిదినే అడుగుతావా?”

“సొంతోడివి గాబట్టే ముందు నిన్ను అడగాల. దిగు!”

పెట్టెల్లో ఉన్నవాళ్లంతా కిటికీల దగ్గరికి వచ్చేశారు. గార్డు జెండా దించి నవ్వుతున్నాడు. బావమరిది గొణుక్కుంటూ దిగి, గూటి దగ్గరికి పోయి, టికెట్టు తీసుకుని వచ్చాకే బండి కదిలింది.

నా ఎదుటి బల్ల మీద కిటికీ పక్కన కూర్చున్న మనిషి ఇటు తిరిగాడు. ఆ ఆఫీసరే. ముందు స్టేషన్లో ఎవరికీ చెప్పకుండా ఎక్కాడట. దండలు లేవు గనక గుర్తుపట్టలేకపోయాను.

“ఆరోజు తప్పెట్లు బాగున్నాయమ్మా. ఇది ఇంకా బాగుంది,” అన్నాడు. “మీ టికెట్లు ఎక్కువేమీ లేవు. అయితే అన్నీ నిజమైనవి. ఈ హాల్టు తీయమని నేను రాయను.”

తీయలేదు కూడా. కొన్నేళ్లకు బ్రాడ్‌గేజి పని కోసం బండ్లు ఆపి, పాత పట్టాలు పీకినప్పుడు ఇక మన పని అయిపోయిందనుకున్నారు. కొత్త పట్టాలు పడ్డాక మా ఊరి బోర్డు మళ్లీ నిలబడింది. మనుషులు పలుచగా ఉన్న సీమలో రైలు నడుస్తుందా అని ఎవరైనా వాదిస్తే నేను గట్టిగానే జవాబు చెబుతాను. మేము నడిపించుకున్నాం.

బావమరిదిని దించిన ఆరోజు సాయంత్రం బండి దిగి నేరుగా మామ చేనుకు పోయాను. ఆఫీసరు బండిలోనే ఉన్నాడని, ఆయన అన్న మాటలు ఇవీ అని చెప్పాను. మామ పీకిన శనక్కాయ చెట్లు కుప్ప వేస్తున్నవాడు ఆగిపోయాడు. తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు. ఏమైనా పెద్ద మాట అంటాడేమోనని చూశాను.

“ఆ యప్ప టికెట్టు తీసుకున్యాడా?” అన్నాడు.

“ఆఫీసరు గదా మామా, పాసు ఉంటాది.”

“నువ్వు సూసినావా?”