ఈరమ్మవ్వ సపోటా చెట్టు

ఆదోని బజారులో తోపుడుబండి ముందు నిలబడి ఒక సపోటాను గోటితో గీరాను. మట్టిరంగు పొట్టు రాలి, కింద పచ్చటి గీత కనిపించింది. గోటి సందులో పాలు జిగటగా అంటుకున్నాయి. "గీరద్దమ్మా, మచ్చ పడితే ఎవురు కొంటారు?" అని బండి అతను కసిరాడు. కసిరితే కసిరాడు గానీ, ఆ పాల వాసనకు నేను ఎమ్మిగనూరులో మా పక్కింటి పెరట్లోకి పోయి పడ్డాను.

అది ఈరమ్మవ్వ పెరడు. ఆమె మాకు చుట్టం కాదు. మగ్గం నేసుకుని బతికే ఒంటరి మనిషి. మా నాన్నదీ నేత పనే కాబట్టి గోడకు అటూ ఇటూ రెండు మగ్గాలు పగలంతా పోట్లాడుకుంటున్నట్టు ఉండేవి. ఆమె నోరు మంచిది కాదని వీధిలో పేరు. నిజమే, మంచిది కాదు. ఆ నోరు మెత్తబడేది సపోటా మొక్క దగ్గరే. పడుగు నూలుకు గంజి పెట్టాక కుండ కడిగిన నీళ్ళు దాని పాదులోకే పోయేవి. ఎండాకాలం కుళాయిలు ఎండిపోయి మేమంతా బిందెలు పట్టుకుని తిరుగుతుంటే, ఆమె తన స్నానం మానుకుని దానికి పోసేది.

ఆ మొక్క చిన్నగా ఉండగానే పూత పట్టింది. నేను సంబరపడి చప్పట్లు కొడితే, ఆమె పూతంతా తుంచి పారేసింది. నాకు ఏడుపొచ్చింది.

"ఎందుకవ్వా?"

"మాను సూడు, నీ సెయ్యంత లేదు. ఇప్పుడే కాయిస్తే గిడసబారి పోతాది. ముందు ఎదగనీ పాపా. కాపు యాడికి పోతాది?"

మరుసటి ఏడూ తుంచింది. ముసల్దానికి మతి పోయిందని వీధంతా నవ్వింది. చివరికి ఆమె పూత నిలపనిచ్చిన ఏడు కొమ్మలు బరువుకు వంగిపోయాయి, నవ్వినవాళ్ళే గిన్నెలు పట్టుకుని వచ్చారు.

నేను పదో తరగతిలో ఉండగా నందవరం నుంచి సంబంధం వచ్చింది. మంచివాళ్ళే, ఆ మాట దాచను. మా నాన్న కూడా చెడ్డవాడు కాదు. నన్ను తన భుజం పక్కన నిలబెట్టుకుని, "నా అంత ఎత్తు ఎదిగింది, ఇంకేం కావాల? పెండ్లయితే అన్నీ అవే తెలుస్తాయి" అన్నాడు. చదువుకుంటానని అమ్మతో చెప్పాను. అమ్మ నూలు కండెలు చుట్టుకుంటూ తల వంచుకుంది. చెట్టు కింద కూర్చుని ఏడుస్తుంటే ఈరమ్మవ్వ వచ్చి పక్కన కూర్చుంది. "నన్నూ పచ్చిగానే కోసినారు పాపా" అంది.

పెళ్ళిచూపులకు వచ్చేవాళ్ళకు పెట్టడానికని నాన్న కొన్నాళ్ళ ముందే పండ్ల కోసం ఆ పెరట్లోకి పోయాడు.

"గీరి సూసి కోయాలప్పా. కింద పచ్చగుంటే ముదరలేదని."

"ఇంత సైజుంటే గీరేదేముంది పెద్దమ్మా? గడ్డిలో పెడితే అవే మాగుతాయి."

కొమ్మ ముట్టుకుంటే అరిచే మనిషి, ఆరోజు పక్కకు తప్పుకుంది. నాన్న పెద్దపెద్దవి చూసి కోసుకొచ్చాడు.

వాళ్ళు రావాల్సిన రోజు పొద్దున గడ్డి తీసి చూస్తే కాయలు ముడతలు పడి, గట్టిగా అలాగే ఉన్నాయి. నాన్న ఒకటి కొరికాడు. వగరుకు మొహం ముడుచుకుపోయింది, పెదవులు జిగురుకు అతుక్కున్నాయి. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. గోడ మీంచి ఈరమ్మవ్వ చూస్తూనే ఉంది.

"ఏం పెద్దమ్మా, ఇన్నాళ్ళు పెట్టినా మాగలేదే?"

"సైజు సూసి కోస్తివి. ముదరని కాయ గడ్డిలో పెడితే మాగదప్పా, వడలిపోతాది. మళ్ళా కొమ్మకు అతికిద్దామన్నా అతకదు." నా వైపు చూపిస్తూ, "నీ ఇంట్లో ఇంగో కాయుంది. దాన్నన్నా కొమ్మ మీద ఉండనీ" అంది.

"నా బిడ్డ సంగతి నాకు తెలుసు" అనబోయాడు నాన్న. అతుక్కున్న పెదవులతో ఆ మాట సరిగా రాలేదు. కొబ్బరినూనెతో మూతి తుడుచుకుంటూ అరుగు మీద చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత చొక్కా వేసుకుని బస్టాండు దగ్గరి ఫోన్ బూత్‌కి పోయాడు. తిరిగొచ్చి అమ్మతో, "రావద్దని చెప్పినాను" అన్నాడు. కాలేజీ తెరిచిన రోజు సైకిలు తుడిచి, నన్ను ఎక్కమన్నాడు.

ఈరమ్మవ్వ పోయి చాలా ఏళ్ళయింది. ఆ పెరట్లో ఇప్పుడెవరిదో మేడ, చెట్టు లేదు. ఆమె గుర్తొస్తే నాకు ముందు నవ్వొస్తుంది. తర్వాత, ఆమె చిన్నప్పుడు ఆమెకు ఇలాంటి పక్కింటి అవ్వ లేకపోయిందే అనిపిస్తుంది. ఇప్పుడు నేను పెద్దకడుబూరు దగ్గర ఒక బడిలో టీచర్ని. పత్తి ఏరే రోజుల్లో కూడా బడి మానని పిల్ల ఒకతి ఈమధ్య రావడం లేదు. ఇవాళ ఇంటికి పోతే వాళ్ళ నాన్న గుమ్మంలోనే, "మా పాప నా ఎత్తు ఎదిగింది మేడం, సంబంధం కుదిరింది" అన్నాడు. బతిమాలితే, రేపు బడికొచ్చి మాట్లాడతానన్నాడు.

పచ్చగీత పడిన ఆ కాయను తక్కెడలో పెట్టాను. బండి అతను తీసి పక్కన పెట్టాడు.

"అది మాగదమ్మా. మంచివి ఏరిస్తా, ఉండు."

"తెలుసప్పా. అదే కావాల. రేపు ఒకాయనకు తినిపించాల."