ఉర్సులా పెట్టిన దణ్ణం

జనరల్ లియోన్సియో ముందు స్పెయిన్ వాళ్లతో పోరాడాడు, తర్వాత అమెరికన్లతో. తిండీ మందుగుండూ అయిపోయాక లొంగిపోయాడు. ఆ అమెరికన్లే ఆయన్ని సొంత రాష్ట్రానికి గవర్నర్ని చేశారు. మన జనాన్నయినా కాపాడుకోవచ్చులే అని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు.

లొంగిపోయి కొండ దిగనని మొండికేసినవాడు ఒక్క కాసియానోనే. ఒకప్పుడు జనరల్‌కి కుడిభుజం, ఇప్పుడు ప్రభుత్వం దృష్టిలో బందిపోటు. గవర్నరే మనుషుల్ని పంపి పట్టించాడు. ఉరి తీశారు.

తొమ్మిదోనాటి ప్రార్థనకి గవర్నర్ తెల్లకోటు తొడుక్కుని కాసియానో ఇంటికి వెళ్లాడు.

"చంపినోడే పరామర్శకొచ్చాడు, సిగ్గులేకపోతే సరి!" అని ఎవరో గొణిగారు.

మూలన కాసియానో తల్లి ఉర్సులా కూర్చుని ఉంది. యుద్ధకాలంలో జ్వరంతో పడి ఉన్న జనరల్‌ని ధాన్యం కొట్లో దాచి, అల్లం గంజి తాగించి బతికించింది ఆవిడే.

"పిన్నీ..." అంటూ ఆయన వంగి, పెద్దవాళ్లకి చేసే మర్యాద ప్రకారం, ఆవిడ చెయ్యి నుదుటికి ఆనించుకోబోయాడు. చెయ్యి లాక్కుంటుందనీ, మొహాన ఉమ్మేస్తుందనీ అనుకున్నాడు. దానికి సిద్ధపడే వచ్చాడు.

ఉర్సులా లేచి నిలబడింది. నెరిసిన తల వంచి, ఆయన చేతినే తన నుదుటికి ఆనించుకుంది. పెద్దలు చిన్నవాళ్లకి అలా చెయ్యడం ఆ ఊళ్లో ఎవరూ కనీ వినీ ఎరగరు.

"అయ్యో పిన్నీ! నువ్వు నాకు దణ్ణం పెట్టడమేంటి?"

"నేను మీకు పిన్నినేంటి దొరా? నాకింకో కొడుకున్నాడు. వాణ్ణయినా వదిలెయ్యండి."

వెటకారమేమోనని ఆశగా ఆవిడ కళ్లలోకి చూశాడు. ఉన్నదంతా భయమే.