అక్క కాళ్లకు నేను కట్టిన తువ్వాలు

ఒక్క తువ్వాలుతో ఎంత ఘోరం చేయవచ్చో తెలియాలంటే నన్నే అడగాలి. ముందు వినండి, తర్వాత తీరిగ్గా తిట్టుకోండి.

అప్పట్లో మైత్రీవనంలో ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో జావా పాఠాలు చెప్పేవాణ్ణి. గదినిండా కుర్రకారును కదలకుండా కూర్చోబెట్టగలనని మహా గర్వం. వారానికి మూడు మధ్యాహ్నాలు క్లాసు ముగించుకుని అక్కను పంజాగుట్టలో డయాలసిస్‌కు తీసుకెళ్లేవాణ్ణి. మిషన్ పక్కన నాలుగు గంటలు పడుకోవాలి. గంట గడిచేసరికి అక్క కాళ్లు కదలడం మొదలయ్యేది. ముడిచేది, చాచేది, పాదాలు ఒకదానికొకటి రాసుకునేది.

చిన్నప్పుడు నేను కాళ్లూపితే మోకాలి మీద ఒక్కటిచ్చి, దరిద్రం పడుతుందని తిట్టింది ఈ అక్కే. ఇన్నేళ్లకు నా వంతు వచ్చిందని సంబరపడ్డాను.

"కాళ్లు ఊపకక్కా, దరిద్రం," అన్నాను.

నవ్వి, రెండు నిమిషాలు ఆపింది. వెళ్లినప్పుడల్లా అదే పాట పాడాను. కొన్నాళ్లకు నవ్వడం మానేసి, గంట ముందే మిషన్ తీసేయమని నర్సును బతిమాలడం మొదలుపెట్టింది. అలా దిగిపోతే రక్తం శుభ్రపడదు, ప్రాణానికే ముప్పు అని డాక్టరుగారు హెచ్చరించారు. నాలోని మాస్టారు లేచాడు. తువ్వాలుతో అక్క పాదాలు రెండూ కలిపి మంచానికి కట్టేశాను. అక్క వద్దనలేదు. కళ్లు మూసుకుంది.

అక్కడి టెక్నీషియన్ సలీం భాయ్ చూసి, గబగబా వచ్చి ముడి విప్పాడు.

"గిది అలవాటు గాదన్నా. డయాలసిస్ చేయించుకునేటోళ్లల్ల మస్తుమందికి గిట్లనే కాళ్లు నిలువయ్. ఐరన్, విటమిన్లు తక్కువైనా అయితది. డాక్టర్‌సాబ్‌కు జర చెప్పున్రి."

"మరి ఆపుకోలేకపోతున్నానని నాకు చెప్పలేదేంటక్కా?"

"నువ్వు దరిద్రం, దరిద్రం అంటుంటే నా తప్పేననుకున్నాను రా."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను మందు కూడా వేయలేదు, నా నాలుకతోనే అక్క నోరు మూయించాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

డాక్టరుగారు రక్తపరీక్షలు రాశారు. రిపోర్టు కోసం బయట బెంచీ మీద కూర్చున్నాం. భయంతో నా కాలు దానంతటదే ఊగుతోంది. అక్క చెయ్యెత్తింది. మోకాలి మీద పడుతుందని బిగుసుకుపోయాను. మెల్లగా నిమిరింది.

"ఊపుకోరా. నీకూ ఒక రక్తపరీక్ష రాయిద్దాం."

అక్కకు ఐరన్, ఒకటి రెండు విటమిన్లు తక్కువని తేలింది. మందులిచ్చారు. కాళ్ల కదలిక పూర్తిగా పోలేదు కానీ, నాలుగు గంటలూ పడుకోగలుగుతోంది.

కనుక యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, ఇకపై ఎవరి కాలు కదిలినా ముందు ఏమవుతోందని అడుగుతాను. తువ్వాలును మొహం తుడుచుకోవడానికే వాడతాను. ఇది రాస్తుంటే రెండుసార్లు అవసరం పడింది.