చెవుల రంగు

వికారాబాద్‌లో మా అత్తమ్మ నా పసిబిడ్డకు రుద్దడానికి శనగపిండి కలుపుతోంది. ఆ వాసనకు తాండూరులో నా చిన్నప్పటి వేసవి సెలవులు గుర్తొచ్చాయి.

అప్పుడే పుట్టిన తమ్ముడు ఎర్రగా ఉన్నాడు. "నువ్వు గూడ గిట్లనే పుట్టినవ్ బిడ్డా. ఎండల ఆడి ఆడి నల్లగైనవ్" అంది నాయనమ్మ. నమ్మాను. తోటిపిల్లలు ఎంత పిలిచినా సెలవులన్నీ గడప దాటలేదు.

తమ్ముడు ఎండ మొహమే చూడలేదు. అయినా వానలు మొదలయ్యేసరికి నా రంగుకొచ్చాడు.

"పుట్టిన్నాడే నాకెరుక. చెవుల రంగే ఒంటికొస్తది" అని నాయనమ్మ పక్కింటామెకు చెప్పింది. "దీనివి గూడ గట్లనే నల్లగ ఉండె" అంటూ నా చెవి వంచి చూపించింది.

అత్తమ్మ పాప చెవి చూడబోయింది. నేను అరచేత్తో కప్పి, "నీళ్లు సల్లబడుతున్నయ్ అత్తమ్మా" అన్నాను.